తలుపు మూసే చెయ్యి మీదే కావాలి: మన గుళ్ల, మసీదుల, చర్చిల పెద్దలకు ఒక రిటైర్డ్ నర్సమ్మ లేఖ

నమస్కారం. సలాం. వందనాలు.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల గుడి కమిటీలకు, పంతుళ్లకు, పీర్ల సావిళ్లు చూసుకునే ముజావర్లకు, ఇమాం సాబ్‌లకు, అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్‌లకు, ఊరూరా చిన్న చిన్న సంఘాలు నడుపుకునే పాస్టర్ అయ్యగార్లకు ఈ లేఖ రాస్తున్నాను. "రాస్తే కలెక్టర్‌కు రాయి, మంత్రికి రాయి, వీళ్లకు రాస్తే ఏమొస్తది" అన్నాడు నా కొడుకు. సర్కారుకు రాయాల్సింది కూడా ఉంది, అది వేరే రాస్తాను. ఇది మాత్రం మీకే రాయాలి. నేను అడగబోయే పని మీ చేతుల్లో ఉంది, ఇంకెవరి చేతుల్లోనూ లేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సుగా, చేసి రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు నార్కట్‌పల్లి వైపు ఒక సబ్ సెంటర్‌లో ఉన్నాను. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, కొందరి గురించి చెప్పాల్సి వస్తుంది కాబట్టి. కరోనా రెండు విడతలూ ఆ ఊళ్లోనే చూశాను.

అడిగేది ముందే చెప్పేస్తాను. ఇంకో రోగం రాకముందే, ఊళ్లో గుడి, మసీదు, చర్చి పెద్దలు ఒక్కచోట కూర్చోండి. రోగం వస్తే మన మొక్కులు, నమాజులు, ఆరాధనలు ఎట్లా జరగాలి, ఏది ముందు ఆపాలి, ఎవరు చెప్తే ఆపాలి, పీనుగ లేస్తే ఎవరు మోయాలి అన్నది మీకు మీరే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి జీవో వచ్చేదాకా ఆగొద్దు. లాఠీ పట్టుకున్న మనిషి వచ్చి మీ గేటుకు తాళం వేసేదాకా అసలే ఆగొద్దు.

మీ కడుపులో మంట ఇంకా చల్లారలేదని నాకు తెలుసు. మంట ఎందుకో కూడా తెలుసు. 2020 మార్చి 24న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులో ప్రార్థనా స్థలాలన్నీ ప్రజలకు మూసెయ్యాలి, మినహాయింపు ఎవరికీ లేదు అని రెండు వాక్యాల్లో తేల్చేశారు. తెల్లారితే ఉగాది. ఏప్రిల్ 2న భద్రాద్రి రాములవారి కల్యాణం భక్తులు లేకుండా జరిగితే టీవీ ముందు కూర్చుని అక్షింతలు వేసుకున్నాం. నల్లమలలో సలేశ్వరం లింగమయ్య దగ్గరికి పోవాల్సిన చైత్ర పున్నమి, షబే బరాత్, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, నాలుగూ ఒకే వారంలో వచ్చి నాలుగూ ఇంట్లోనే అయిపోయాయి. నెలనెలా అమావాస్య రాత్రి చెర్వుగట్టు గుట్టమీద నిద్ర చేసేవాళ్లు ఊళ్లోనే పడుకుని గుట్ట దిక్కు దండం పెట్టుకున్నారు. నల్లగొండ లతీఫ్ సాబ్ దర్గా గుట్ట మెట్లు ఖాళీగా ఉన్నాయి. రంజాన్ నెల మొత్తం, ఏప్రిల్ 25 నుంచి మే 25న పండుగ దాకా, మసీదు మైకు తప్ప మసీదు లేదు. అప్పటికి మీలో ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ప్రాణాల సంగతి అని ఒప్పుకున్నారు.

మే 6న వైన్ షాపులు తెరిచారు. గుళ్లు, మసీదులు, చర్చిలు తెరవనిచ్చింది జూన్ 8న. నెల రోజుల పైమాట. అందులో సగానికి పైగా రంజాన్ రోజులే. మా మండలంలో మందు దుకాణం ముందు ముగ్గుపిండితో తెల్లగా గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో మనిషిని నిలబెట్టారు. "అవే గుండ్రాలు మసీదు వాకిట్ల గీసుకుంటమంటే ఎందుకు వద్దన్నరమ్మా?" అని ఒక పెద్దాయన నన్ను అడిగాడు. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

రెండో ఏడు ఇంకా ఘోరం. 2021 ఫిబ్రవరి చివర్లో పెద్దగట్టు జాతర జనంతో కిటకిటలాడింది. మార్చి 14న ఎమ్మెల్సీ ఓట్లు పడ్డాయి. మార్చి 27న సర్కారు ఉత్తర్వు ఇచ్చింది: హోలీ, షబే బరాత్, గుడ్ ఫ్రైడే, ఉగాది, శ్రీరామనవమి, రంజాన్, ఏ పండుగకూ జనం గుమిగూడొద్దని. ఆ ఉత్తర్వు అమల్లో ఉండగానే, మన జిల్లాలోనే, నాగార్జునసాగర్ ఉప ఎన్నిక నడిచింది. ఏప్రిల్ 14న హాలియాలో బహిరంగ సభ పెట్టారు, 17న పోలింగ్ అయింది. సభకు లారీల్లో, ఆటోల్లో పోయిన మనుషులు వారం తిరగకముందే సబ్ సెంటర్‌కు వచ్చి "సిస్టర్, ఒళ్లు కాలుతుంది" అన్నారు. రాజ్యాంగం 25వ అధికరణం మనకు మతస్వేచ్ఛ ఇస్తూనే అది ప్రజారోగ్యానికి లోబడి ఉంటుందని చెప్పింది. అది న్యాయమైన మాట, నేను బతికిందే ఆ మాట మీద. కానీ ఆరోగ్యం అనే తూకంరాయి దేవుడి దగ్గర ఒక బరువు, ఓటు దగ్గర ఇంకో బరువు తూగితే జనం తక్కెడనే నమ్మరు. నమ్మలేదు కూడా. మా పని అక్కడే చెడింది.

అయినా మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాను. రోగం ఊళ్లోకి వచ్చాక ఎవరికి అన్యాయం జరిగిందో అది చూసుకోదు. సర్కారు తప్పు చేసింది కాబట్టి మేం గుంపుగా కూర్చుంటాం అంటే, పోయేది మీ ముందు వరసలో కూర్చునే ముసలివాళ్లు.

కట్టడి మీకు కొత్తదేమీ కాదు. నా చిన్నప్పుడు మా తమ్ముడికి అమ్మవారు పోసింది. మాది మగ్గం ఇల్లు. మా నాయనమ్మ వెంటనే మగ్గం ఆపించింది. గడపకు వేపమండలు గుచ్చింది. తమ్ముడి చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. ఇంట్లో పోపు వాసన రానియ్యలేదు. మా సొంత మేనత్త వచ్చి వాకిట్లో నిలబడితే, "తల్లి ఉన్నది ఇంట్ల, గడప తొక్కకు బిడ్డా" అని అక్కడి నుంచే పంపించింది. మేనత్త అలగలేదు, తల్లికి మొక్కి వెళ్లిపోయింది. చివరికి వేపాకు నీళ్లు పోసిన రోజుగానీ ఆ గడప లోకానికి తెరుచుకోలేదు. తర్వాత ట్రైనింగ్‌లో ఐసోలేషన్ అనే మాట రాయించినప్పుడు నా కళ్ల ముందు కదిలింది ఆ వేపమండే. ఊళ్లో గత్తర, అంటే కలరా, వస్తే ఊరంతా ఇళ్లు విడిచి చెల్కల్లో వండుకుని వనవాసం చేసేవాళ్లని మా నాయనమ్మే చెప్పేది. లష్కర్ బోనాలు కూడా 1813లో మహమ్మారి వచ్చినప్పుడు మొక్కిన మొక్కు నుంచే మొదలయ్యాయని చెప్పుకుంటారు. రోగం ఉన్న ఊళ్లోకి పోవద్దు, రోగం ఉన్న ఊరి నుంచి బయటికి రావద్దు అని ప్రవక్త చెప్పిన మాట ఇమాం సాబ్‌లందరికీ నోటికి వచ్చు. అంటురోగం ఉన్నవాళ్లు పాళెం బయట ఉండాలని, యాజకుడు చూసి సరే అన్నాకే లోపలికి రావాలని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. ఆ యాజకుడు చేసింది అచ్చంగా నా పనే.

మీ నోటి వెంట వస్తే అది నియమం. జనం దీక్ష పట్టినట్టు పడతారు. అదే మాట పోలీసు జీపు మైకులో వస్తే దొంగచాటుగా దాటాల్సిన కంచె అయిపోతుంది. రెండూ మా ఊళ్లోనే చూశాను.

లాక్‌డౌన్ వచ్చాక మొదటి శుక్రవారానికి ముందు రోజు ఇమాం సాబ్ నాకు కబురు పెట్టారు. పోతే మసీదు మెట్ల మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. పక్కన చుట్టి పెట్టిన జానమాజ్‌లు, నమాజ్‌కు పరిచే బట్టలు. "బేటీ, నాకు నిజం చెప్పు. ఈ బట్ట మీద ఆ పురుగు ఎంతసేపు బతుకుతది?" అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. బట్ట కంటే భుజానికి భుజం ఆనించి నిలబడుడే ఎక్కువ భయం సాబ్, అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నమాజ్‌లో సందు లేకుండా నిలబడమని నలభై ఏళ్లు నేర్పిన మనిషి ఆయన. మర్నాడు మైకులో ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో చెప్పారు: "ఇయ్యాల జుమాకు ఎవరూ రావొద్దు. ఇంట్లనే జొహర్, పగటి నమాజ్, చదువుకోండ్రి. ఇది సర్కారు భయం కాదు, మన దీన్‌ల ఉన్న మాటే." చివరికి వచ్చేసరికి గొంతు పట్టేసింది. మసీదు చుట్టూ ఒక్క పోలీసు లేడు. ఒక్క మనిషి రాలేదు.

ఆ మైకే తర్వాత నాకు రెండో గొంతు అయింది. మరుసటి ఏడాది మే నెలలో ఇంటింటి జ్వర సర్వే చేస్తుంటే, ఏ గల్లీకి ఎప్పుడు వస్తున్నానో మౌజన్ సాబ్ పొద్దున అజాన్ తర్వాత చెప్పేవారు. ఒక రూళ్ల నోటుబుక్కులో ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎన్నో రోజో, మందుల కిట్టు అందిందో లేదో ఉర్దూలో రాసుకునేవారు. నాకు ఉర్దూ రాదు. ఆయన వేలు పెట్టి చదివేవారు, నేను నా రిజిస్టర్‌లోకి ఎక్కించుకునేదాన్ని. హిందువుల ఇళ్లు కూడా ఉన్నాయి ఆ బుక్కులో.

ఇప్పుడు రెండోది, పోలీసు నోటి వెంట వచ్చిన కట్టడి సంగతి. మా ఊరి చివర కాలనీలో రేకుల షెడ్డులో ఒక చర్చి ఉంది. మొదటి లాక్‌డౌన్‌లో యూనిఫాం వేసుకున్న ఒకాయన వచ్చి దాని గేటుకు తాళం వేశాడు. వేయడం వరకైతే సరే. పాస్టర్ అయ్యగారిని నడిబజార్లో, పిల్లలు చూస్తుండగా, నోటికొచ్చినట్టు తిట్టాడు. అయ్యగారు ఒక్క మాట అనలేదు. తల దించుకుని ఇంట్లోకి పోయారు.

ఏడాది తర్వాత, జ్వర సర్వే కోసం ఆ కాలనీకి మిట్టమధ్యాహ్నం పోయాను. షెడ్డు ముందు ఒక్క జత చెప్పులు లేవు. కిటికీకి లోపలి నుంచి దుప్పటి కట్టి ఉంది. దగ్గరికి పోతే సన్నగా పాట వినిపించింది, కంజీర లేకుండా, చప్పట్లు లేకుండా, ఒట్టి గొంతులతో. చెప్పులు లోపలికి తీసుకుపోయారు, మనుషులున్నట్టు తెలియకుండా. తలుపు కొట్టాను. పాట ఆగింది. "అయ్యగారూ, నేను సిస్టర్‌ను. జ్వరాలు రాసుకుంటందుకే వచ్చిన. తాళం ఏసెటందుకు రాలే" అన్నాను. లోపల ఎవరో దగ్గారు. దగ్గును నోట్లో బట్ట పెట్టుకుని ఆపుకుంటున్నట్టు వినిపించింది. పావుగంట ఎండలో నిలబడ్డాను. తలుపు తెరుచుకోలేదు.

పది రోజులకు ఆ సంఘంలో ఒక ముసలమ్మ ఇంటికి పిలిచారు. వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెడితే 78 చూపించింది. 108 వచ్చింది, తీసుకుపోయింది, మూడో రోజు పోయింది. ఆమెకు ఎక్కడ అంటిందో చెప్పే శక్తి నాకు లేదు. రేషన్ షాపు దగ్గర అంటి ఉండొచ్చు, బిడ్డ ఇంటికి పోయినప్పుడు అంటి ఉండొచ్చు. ఆ మధ్యాహ్నం తలుపు తీసి ఉంటే లోపల ఉన్న అందరి వేళ్లకూ ఆ మిషన్ పెట్టేదాన్ని అన్నది మాత్రం నాకు తెలుసు. నన్ను చూసి భయపడ్డారు వాళ్లు. ఏళ్ల తరబడి సూది వేసిన చేతిని చూసి భయపడ్డారు. ఆ భయం పుట్టించింది గేటు ముందు జరిగిన ఆ అవమానం.

పాస్టర్ అయ్యగారిని తప్పు పట్టేముందు ఇంకొక సంగతి చూడండి. ఆ సంఘం ఆదివారం కానుక సంచి మీదే నడుస్తుంది. సర్కారు ధూపదీప నైవేద్యం పథకంలో ఉన్న గుడి పంతులుకు అప్పట్లో పూజ ఖర్చుతో కలిపి నెలకు 6,000 రూపాయలు, ఇమాంకు, మౌజన్‌కు 5,000 గౌరవ వేతనం ఉండేది. అది నెలనెలా టైముకు చేతికందిందా అన్నది వేరే సంగతి. రేకుల షెడ్డు పాస్టర్‌కు అదీ లేదు. పోచమ్మ దగ్గర పూజ చేసే కుమ్మరికి లేదు, బైండ్లోళ్లకు లేదు, డప్పు కొట్టేవాళ్లకు లేదు, దర్గా మెట్ల మీద కూర్చునే ఫకీరుకు లేదు, గుట్ట కింద కొబ్బరికాయలమ్మే అక్కకు లేదు. తలుపు మూసిన రోజు నుంచి పొయ్యి కూడా ఆగిపోతే, తలుపు సందున ఎవరో ఒకరిని లోపలికి రానివ్వకుండా ఎట్లా ఉంటారు? ఒక గుళ్లో పేదవాడి పుట్టెంట్రుకల మొక్కును వాకిట్లో నుంచే తిప్పి పంపి, కారులో వచ్చిన ఇంటికి వెనక తలుపు తీసిన సంగతి ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఆ పంతులు ఏ నియమం చెప్పినా ఎవరూ వినలేదు. అందుకే మీరు రాసుకునే పుస్తకంలో మొదటి పేజీ డబ్బుల గురించి ఉండాలి. మంచి రోజుల్లో హుండీలో, చందాలో, కానుకలో కొంత తీసి పక్కన పెట్టండి. కట్టడి వచ్చిన నెలలో అది ఎవరెవరికి పోవాలో పేర్లతో సహా ముందే రాయండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 2020 మార్చి 30 రాత్రి, ఢిల్లీలో తబ్లీగీ జమాత్ మర్కజ్‌కు పోయి వచ్చిన ఆరుగురు కరోనాతో చనిపోయారని సర్కారు ప్రకటించింది. తెల్లారేసరికి ఊరు మారిపోయింది. మా ఊళ్లో ముస్లిం ఇళ్లు ఇరవై ఆరు. ఆ ఇళ్ల నుంచి ఒక్కరూ ఢిల్లీకి పోలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఇంటింటికీ తిరిగి రాసుకున్నది నేనే. అయినా తోపుడుబండి మీద పండ్లమ్మే ఆయన మా గల్లీలోకి వస్తే, "ఇటు రాకు" అని నలుగురు మీదికి పోయారు. నేను వాకిట్లోనే ఉన్నాను. నా మెడలో గుర్తింపు కార్డు ఉంది. ఒక్క మాట చెప్తే ఆగేవాళ్లు. చెప్పలేదు. నాకూ భయం వేసింది, జనంతో ఎందుకులే అనిపించింది. ఆయన బండి తిప్పుకుని పోయాడు. రోగం తెచ్చారని మోపిన విదేశీ జమాత్ వాళ్ల కేసులు కొట్టేస్తూ, ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి వాళ్లను బలిపశువులను చేశారని తీర్పులో రాసింది. అది చదివిన రోజు నాకు బండి చక్రం చప్పుడే వినిపించింది.

2021 మే నెలలో మా అమ్మ పోయింది. ఇంట్లోనే, తెల్లవారుజామున. అమ్మవారు పోసినప్పుడు వేపమండల చాటున బతికిన మా తమ్ముడు భీవండిలో మగ్గాల దగ్గర చిక్కుకుపోయాడు, రావడానికి దారి లేదు. అంత్యక్రియలకు ఇరవై మంది దాకా రావచ్చని ఉత్తర్వులో ఉంది. నలుగురు రాలేదు. మా వాళ్లే, మా కులపోళ్లే, మేడల మీద నుంచి చూశారు. నేను వాళ్లను ఏమీ అనను, ఆ భయం ఎట్లాంటిదో నాకు తెలుసు. పొద్దెక్కుతుంటే మసీదు నుంచి ముగ్గురు పిల్లలు పీపీఈ కిట్లు వేసుకుని వచ్చారు. పీనుగకు స్నానం ఎట్లా, కఫన్ ఎట్లా కట్టాలో ఇమాం సాబ్ దగ్గర నేర్చుకున్న పిల్లలు. అందులో ఒకడు ఆ పండ్లాయన కొడుకు. వాడు నా ముఖం చూడకుండా, "అవ్వకు ఏ చీర కట్టాలె పెద్దమ్మా?" అని అడిగాడు. నేను పెట్టెలోంచి మా నాన్న నేసిన చీర తీసి ఇచ్చాను.

తలకొరివి ఎవరు పెట్టాలి? పంతులుగారు కాల్వ కట్ట మీద దూరంగా నిలబడి ఫోన్ చేశారు. "నువ్వే పెట్టమ్మా. ఆపద్ధర్మం అని శాస్త్రంలనే ఉన్నది. నేను చెప్తుంటా, నువ్వు చెయ్యి" అన్నారు. స్పీకర్ ఆన్ చేసి రాయి మీద పెట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. మూడొద్దులనాడు పిట్టకు పెట్టినప్పుడు కూడా ఆయనే ఫోన్లో, నేనొక్కదాన్నే గట్టు మీద. కాకి చాలాసేపు రాలేదు. వచ్చేదాకా ఆయన ఫోన్ పెట్టేయలేదు.

పెద్దలారా, ఆపద్ధర్మం అనే ఆ ఒక్క మాట పంతులుగారు ఇచ్చి ఉండకపోతే, ఆడపిల్ల కొరివి పెట్టిందన్న దిగులు నాకు ఈరోజుకీ ఉండేది. అట్లాంటి మాటలు మీ మూడు మతాల్లోనూ ఉన్నాయి. రోగం వచ్చిన నెలలో ఎవరికి వారు వెతుక్కోకుండా, ఇప్పుడే, మంచి రోజుల్లోనే తీసి రాసి పెట్టమంటున్నాను.

2020 జూన్ 8 నుంచి పాటించాలని కేంద్రం ఇచ్చిన నియమాలు చెడ్డవి కావు. విగ్రహాలు, గ్రంథాలు ముట్టొద్దు, తీర్థప్రసాదాలు పంచొద్దు, ఎవరి చాప వారే తెచ్చుకోవాలి, గుంపుగా పాడొద్దు, అరవై ఐదు దాటినవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణీలు ఇంట్లోనే ఉండాలి, ఆరడుగుల దూరం. కానీ అది రాసినవాళ్లు మన ఊళ్లు చూసి రాయలేదు. మా పోచమ్మ గుడికి తలుపే లేదు, వేపచెట్టు కింద రాయి. ఏం మూస్తారు? శఠగోపం ఆపాలని మీకు మీరు అనుకోవాలి. ప్రభు భోజనంలో ఒకే గిన్నె అందరి పెదవులకూ తగలకుండా ఏం చేయాలో అయ్యగార్లే తేల్చాలి. నమాజ్ ముందు అందరూ ఒకే వజూ హౌజ్‌లో కాళ్లుచేతులు కడుక్కునే బదులు ఇంట్లోనే వజూ చేసుకుని రమ్మని ఇమాం సాబ్ చెప్పాలి. పీర్ల గుండం చుట్టూ ఆరడుగుల గీత గీసే అధికారి ఎక్కడా పుట్టలేదు.

అదే 2020 ఆగస్టులో పీర్ల పండుగ వచ్చింది. మా ఊళ్లో ఎవరూ ఉత్తర్వు కోసం చూడలేదు. ముజావర్, సర్పంచ్, గౌండ్ల పెద్దమనిషి, సాకలి ఎల్లమ్మ గుడి చూసుకునే ఆయన సావిడి ముందు కూర్చుని మాట్లాడుకున్నారు. నన్ను కూడా పిలిచారు. ఈ ఏడాది పీర్లను ఎత్తొద్దు, సావిట్లోనే నిలబెట్టాలి, గుండంలో నిప్పు ఉండాలి గానీ చుట్టూ ఆడొద్దు, ఇంటికొక్క మనిషి వచ్చి ఊదు వేసి, పీరుకు దట్టీ గుడ్డ కట్టి, మొక్కి పోవాలి, మలీద ప్రసాదం ఎవరింట్లో వాళ్లే చేసుకోవాలి అనుకున్నారు. డప్పుల వాళ్లకు కూలీ మాత్రం ఆపొద్దన్నారు, ఇంటికింత వేసుకుని ఇచ్చారు. అట్లాగే జరిగింది. పెద్ద పీరు ఎత్తే ఆయన మూడు రోజులు సావిడి గడప మీద కూర్చుని ఏడ్చాడు. అయినా గడప దాటలేదు. ఆ నాలుగు మాటలూ ఎవరైనా ఆ రోజే రాసి పెట్టి ఉంటే, మరుసటి ఏడాది ఆ రేకుల షెడ్డుకూ, ఆ వెనక తలుపు గుడికీ పనికొచ్చేవి. ఎవరూ రాయలేదు. నేను కూడా రాయలేదు.

అందుకని రాయండి. ఊరికి ఒక్క పుస్తకం చాలు, మూడు పుస్తకాలు వద్దు. ఎవరి నియమం వాళ్ల పెద్దలే రాయాలి, ఒకరిది ఇంకొకరు రాయొద్దు. పక్కవాళ్లు ఏం రాశారో మాత్రం అందరికీ తెలియాలి. అప్పుడే "వాళ్లకు లేదు మాకే ఉందా" అనే మాట పుట్టదు. ఏఎన్ఎంనో ఆశా అక్కనో పక్కన కూర్చోబెట్టుకోండి, రోగం గురించి మీ అనుమానాలన్నీ అడగండి, జానమాజ్ మీద పురుగు ఎంతసేపు బతుకుతుందో కూడా. పీనుగకు స్నానం చేయించగలవాళ్ల, మోయగలవాళ్ల పేర్లు కులం చూడకుండా, మతం చూడకుండా రాయండి. వాళ్లకు గ్లౌజులు, కిట్లు ఎక్కడ దొరుకుతాయో పీహెచ్‌సీలో ముందే అడిగి పెట్టుకోండి. ఆ తర్వాత ఆ పుస్తకం పట్టుకుని తహసీల్దారు దగ్గరికి, ఎస్ఐ దగ్గరికి మీరే పోండి. ఇది మా ఊరి కట్టు, దీని ప్రకారం మేమే ఆపుకుంటాం, మా గేటుకు మీరు తాళం వేయాల్సిన పని లేదు అని చెప్పండి. వైన్ షాపు ముందు గుండ్రాలు గీసిన రోజు వస్తే, అదే పుస్తకం చూపించి, మా వాకిట్లో గుండ్రాలు మేం అప్పుడే గీసుకున్నాం అని నిలదీయండి. అప్పుడు మీ మాటకు బరువుంటుంది, నేనూ వచ్చి మీ పక్కన నిలబడతాను.

మా ఊళ్లో నేను ముగ్గురినీ అడిగాను. ఇమాం సాబ్ కాలం చేశారు. ఆయన కొడుకు ఒప్పుకున్నాడు, మౌజన్ సాబ్ నోటుబుక్కు ఇంకా అల్మారాలోనే ఉందని చెప్పాడు. పంతులుగారు వచ్చే అమావాస్య దాటాక కూర్చుందాం అన్నారు. పాస్టర్ అయ్యగారు ఇంకా ఏమీ చెప్పలేదు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పోయాను. షెడ్డు ముందు చెప్పులు వరసగా ఉన్నాయి, కిటికీ తెరిచే ఉంది. ఆయన నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు. నేను చెప్పిందంతా విన్నారు. "ఆ రోజు తలుపు తియ్యాల్సింది సిస్టర్" అని మాత్రం అన్నారు. పుస్తకం మాట ఎత్తలేదు. నేనూ మళ్లీ అడగలేదు. ఈ ఆదివారం మళ్లీ పోతాను.

మీ ఊరి పిల్లలకు టీకాలు వేసిన
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, నల్లగొండ జిల్లా